పుస్తకంలో లేని వరస

కోనసీమలో క్రైస్తవ బోధ చరిత్ర చెప్పేవారు సాధారణంగా మిషనరీలతో, అచ్చయిన బైబిలుతో మొదలుపెడతారు. దానికి కాగితం మీద ఆధారాలు దొరుకుతాయి. తెలుగులో మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. విశాఖపట్నంలో క్రాన్, డిగ్రాంజ్ అనే మిషనరీలు చేసిన ఆ అనువాదానికి అండగా నిలిచిన పండితుడు ఆనందరాయరు. 1836లో ఆంథనీ నోరిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండు నుంచి విలియం బౌడెన్, జార్జ్ బీర్ వచ్చి గోదావరి డెల్టాలో స్థిరపడ్డారు. వారి పనికి నరసాపురం ముఖ్యకేంద్రమైంది. అక్కడ వశిష్ఠ గోదావరి దాటితే సఖినేటిపల్లి రేవు, ఆపైన రాజోలు, అమలాపురం.

అయితే ఆ పుస్తకం చేరిన పేటల్లో చదవగలిగినవారు ఎందరు? మాల, మాదిగ పిల్లలను బడి గడప తొక్కనివ్వని కాలమది. 1847–52 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట కడుతున్నప్పుడు కూలీలకు బౌడెన్ బోధించింది నోటిమాటగానే. ఒకరు చదివితే పదిమంది వినేవారు. విన్నది ఇంటికి వెళ్లి చెప్పుకునేవారు. పరలోక ప్రార్థన, పది ఆజ్ఞలు, తప్పిపోయిన కుమారుడి కథ అక్షరం కంటే ముందే ఇళ్లలోకి వచ్చాయి.

అసలు ఆ మతం మొదలైందీ ఇలాగే. యేసు తన చేత్తో రాసిన గ్రంథం లేదు. ఆయన మాటలు కొన్ని దశాబ్దాలు శిష్యుల నోళ్లలో నడిచాకే సువార్తలయ్యాయి. కళ్లారా చూసినవారు అప్పగించిన సంగతులనే వరుసగా రాస్తున్నానని లూకా మొదట్లోనే చెప్పుకున్నాడు. థెస్సలొనీకయులకు రాసిన రెండో పత్రికలో పౌలు, నోటిమాటగా అందినదాన్నీ పత్రికగా అందినదాన్నీ ఒకే తీరుగా పట్టుకొమ్మన్నాడు. ఆ రెండింటిలో ఏది పెద్దదన్న తగవు పదహారో శతాబ్దపు ఐరోపాను చీల్చింది. లేఖనమే అంతిమ ప్రమాణమని లూథర్ పక్షం నిలబడితే, అపొస్తలుల నుంచి వచ్చిన సంప్రదాయానికీ అంతే గౌరవం ఉండాలని 1546లో కాథలిక్కుల ట్రెంట్ సభ తీర్మానించింది.

డెల్టాకు వచ్చిన బౌడెన్, బీర్ బ్రదరన్ సహవాసానికి చెందినవారు. బ్రదరన్‌వారు లేఖనమే ప్రమాణమన్న పక్షంలో గట్టివారు. అయినా వారి కూటాన్ని గమనించండి. అభిషేకం పొందిన పాదిరి ఉండడు. రొట్టె విరిచే వేళ ఒక సహోదరుడు లేచి ప్రార్థిస్తాడు, ఇంకొకరు కీర్తన ఎత్తుకుంటారు, మరొకరు వాక్యం చెబుతారు. ఎవరు ఎప్పుడు లేవాలో ముందుగా రాసిన క్రమం ఏదీ లేదు. పెద్దలను చూసి, విని నేర్చుకున్న పద్ధతి అది. గ్రంథాన్ని అంతగా నమ్మినవారి ఆరాధన కూడా వినికిడి మీదే నిలిచింది.

పాట దగ్గర ఈ సంగతి ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం పేరు, తాళం పేరు ఉంటాయి. వరస ఉండదు. అది పెద్దల గొంతులోంచి పిల్లల గొంతులోకి రావలసిందే. పురుషోత్తమ చౌదరి (1803–1890) రాసిన కీర్తనలు నేటికీ బతికున్నది అలాగే. సిలువ, పాపక్షమ, రక్షణ వంటి బరువైన సిద్ధాంతాలను ఆయన పాడుకునే మాటల్లో పెట్టాడు. చదువు రాని అమ్మలు వాటిని పాడి నేర్చుకుని, పాడి నేర్పారు. తెలుగు పదసాహిత్యం గురించి రాసేవారు ఆయన పేరు తలచుకోవడం అరుదు. ఇది సాహిత్య చరిత్రకారులు సరిదిద్దుకోవలసిన లోటు.

ఇప్పుడు ఆ గొంతులు తగ్గుతున్నాయి. కీబోర్డు, రిథమ్ ప్యాడ్, యూట్యూబ్ వచ్చాక పిల్లలు ఫోనులో విన్న వరసనే పాడుతున్నారు. ఒకే కీర్తనకు ఊరూరా ఉండే వేర్వేరు వరసలు ఒక్కొక్కటే మాసిపోతున్నాయి. కొత్త పాటల మీద ఫిర్యాదు అక్కరలేదు. పాతవి పోతే మాత్రం మళ్లీ రావు. కీర్తన సాహిత్యం అచ్చులో భద్రంగా ఉంది, వరసకు ఆ రక్షణ లేదు.

అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల సంఘపెద్దలకు ఒక విన్నపం. మీ సంఘంలోని వృద్ధులచేత పాత కీర్తనలు పాడించి రికార్డు చేయండి. ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఏ ఊరి వరసో రాసిపెట్టండి. సంగీతం తెలిసినవారు వాటికి స్వరం కట్టండి. ఆ స్వరాలనూ, పాడినవారి మాటలనూ ప్రచురించడానికి ఈ పత్రిక సిద్ధంగా ఉంది.