పరువు సరే, ఆమె జీతం సంగతేంటి?

అత్యాచారం మీద మనం కథ రాసినా, సినిమా తీసినా, స్టేటస్ పెట్టినా చివరికి తేలేది ఒకటే మాట: "ఆమె జీవితం నాశనమైపోయింది." ఏ జీవితం? పరువు, ప్రతీకారం, ఉరిశిక్ష, ఈ మూడింటితో మన కథ అయిపోతుంది. ఒకటో తారీఖున రూమ్ అద్దె ఎవరు కట్టారు, ఆమె మళ్లీ పనికి వెళ్లగలిగిందా అన్నది ఎవరికీ పట్టదు.

మా ఇంద్రేశం సంగతే తీసుకోండి. పాశమైలారం, పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లు ఈ చుట్టుపక్కల రూములు తీసుకుని ఉంటారు. కాంట్రాక్టు పనిలో మస్టర్‌లో పడ్డ రోజులకే జీతం. స్టేషన్‌కి వెళ్లిన రోజు, ఆసుపత్రికి వెళ్లిన రోజు, కోర్టు వాయిదా రోజు, అన్నీ కోతే. నైట్ షిఫ్టుకి భయమేసి రానంటే కాంట్రాక్టరు ఇంకొకరిని పెట్టుకుంటాడు. దాడి చేసింది సూపర్‌వైజరే అయితే ఆ గేటు దాటడమే కష్టం. రూమ్ మారాలంటే మళ్లీ అడ్వాన్సు, దానికి మళ్లీ అప్పు.

ఇది నేను కనిపెట్టిన సంగతేం కాదు. బాధితులకు ఆర్థిక నష్టం గట్టిగా ఉంటుందని, కొందరు ఉద్యోగం చేయలేని స్థితికి వెళ్తారని, పరిహారానికి ఒక బోర్డు పెట్టాలని 1994లోనే ఢిల్లీ డొమెస్టిక్ వర్కింగ్ విమెన్స్ ఫోరమ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మరి ఇప్పుడున్నదేంటి? నల్సా 2018 పథకం. అత్యాచారం పద్దు కింద కనీసం 4 లక్షలు, గరిష్ఠం 7 లక్షలు. ఉద్యోగం పోవడాన్నీ చూడమని అందులో ఉంది. ఎలా లెక్కగట్టాలో మాత్రం లేదు.

అదే రోడ్డు ప్రమాదమైతే చూడండి. ఒకమ్మాయికి 24 ఏళ్లు, పర్మనెంట్ కాని ఉద్యోగం, నెలకు 12 వేలు అనుకుందాం. ఏడాదికి 1,44,000. ప్రణయ్ సేథీ తీర్పు (2017) ప్రకారం భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద 40 శాతం కలిపితే 2,01,600. సరళా వర్మ తీర్పు (2009) ప్రకారం ఆ వయసుకి గుణకం 18. సంపాదించే శక్తి సగం పోయిందని తేలితే 18,14,400. వైద్యం ఖర్చు, బాధ వేరే. అదే అమ్మాయి, అదే జీతం. లారీ గుద్దితే సంపాదించే మనిషి, మగాడు దాడి చేస్తే పరువు పోయిన ఆడది. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది?

"మానానికి వెల కడతావా?" అంటారు. మానం జోలికి నేను పోలేదండీ. పోయిన జీతం అడుగుతున్నా. "డబ్బు కోసం దొంగ కేసులు పెడతారు" అంటారు. దొంగ యాక్సిడెంటు క్లెయిములు లేవా? అందుకని ట్రైబ్యునళ్లు మూసేశామా? "డబ్బెక్కడిది?" అంటారు. 2013లో వెయ్యి కోట్లతో నిర్భయ నిధి పెట్టింది దేనికి?

శిక్ష పడేదాకా ఆగమనే మాట ఇంకా ఘోరం. వాకపల్లిలో 11 మంది ఆదివాసీ మహిళలు గ్రేహౌండ్స్ పోలీసుల మీద ఫిర్యాదు చేసింది 2007 ఆగస్టులో. విశాఖ కోర్టు తీర్పు వచ్చింది 2023 ఏప్రిల్ 6న. నిందితుల్ని వదిలేసింది, దర్యాప్తు సరిగ్గా జరగలేదంది, ఆ మహిళలకు పరిహారం ఇమ్మంది. అంటే శిక్షకీ పరిహారానికీ ముడి పెట్టక్కర్లేదని కోర్టే ఒప్పుకున్నట్టు. కానీ దాదాపు పదహారేళ్ల తర్వాత!

కాబట్టి రెండు అడగాలి. ఒకటి, ఆదాయ నష్టాన్ని రోడ్డు ప్రమాదాల్లోలాగే గుణకంతో లెక్కకట్టాలి. రెండు, కేసు నడిచినంత కాలం నెలనెలా డబ్బు చేతికి అందాలి. 1995లో బోధిసత్వ గౌతమ్ కేసులో సుప్రీంకోర్టు నెలకు వెయ్యి రూపాయల మధ్యంతర పరిహారం ఇప్పించింది కూడా. దారి ఉంది, నడిచే ఉద్దేశమే లేదు.

కథలు రాసేవాళ్లు, వాటి మీద సమీక్షలు రాసేవాళ్లు కూడా ఒకటి చేయొచ్చు. ఈసారి ఇలాంటి కథ ఎదురైతే, ఆమె ఏడ్చిన పేజీలు కాకుండా ఆమె జీతం ఏమైందో చెప్పిన పేజీ ఉందేమో వెతకండి.