రోన్ అనగా ఏ రంగు?

బి.కొత్తకోట, మదనపల్లె, పుంగనూరు ప్రాంతములలో పశువును బేరమాడు పాతకాలపు రైతు ‘గోధుమరంగు ఆవు’ అనడు, పుల్లావు అనును. నల్లనిది కర్రియావు. బూడిదచాయ గలది మైల. మేనిపై తెల్లని మచ్చలున్నది బొల్లి. కపిలావు సరేసరి, రాయలసీమలో నీరు తోడు మోటకును కపిల యనియే పేరు గనుక, క్రొత్తగా వచ్చినవాడు ఒకటి రెండు మారులు తికమకపడుటయు కలదు. ఈ మాటలు పశువునకు చెల్లినట్లు చీరకు చెల్లవు. పుల్లచీర కావలెనని అంగడిలో అడుగువారు లేరు.

ఆంగ్లమునందును ఇట్టి మాటలున్నవి. ‘బే’ అనునది గుఱ్ఱమునకు చెప్పు మాట. ఒడలు ఎఱుపుడాలు గల గోధుమవన్నె. జూలు, తోక, కాళ్ళ క్రిందిభాగములు నలుపు. ఆ నలుపు లేనిచో అది ‘చెస్ట్‌నట్’. వీనికంటె చిక్కైనది ‘రోన్’. గుఱ్ఱమునకును చెల్లును, ఆవునకును చెల్లును. ఎఱుపు తెలుపు కలిసిన రంగని అర్థము వ్రాసికొని విద్యార్థి ముందుకు సాగిపోవును. సంస్కృతాభిమానము గల ఉపాధ్యాయుడైనచో ‘పాటలవర్ణము’ అనును. తెలుపుతో కూడిన ఎఱుపును అమరసింహుడు పాటలమనియే చెప్పినాడు గదా, తప్పేమున్నదని తోచవచ్చును. తప్పున్నది. అది భాషతో పోక శాస్త్రమునకును సోకుచున్నది.

జీవశాస్త్రమున ఈ మాట షార్ట్‌హార్న్ అను ఆంగ్లదేశపు పశుజాతిని గూర్చిన పాఠములో వచ్చును. ఆ జాతిలో ఎఱ్ఱని ఆబోతునకును తెల్లని ఆవునకును పుట్టిన దూడ రోన్. పాటలమని నేర్చిన బాలుడు ఏమనుకొనును? పాలలో కుంకుమ కలిపినట్లు రెండు రంగులును ఒకటై గులాబివన్నె వచ్చినదనుకొనును. కాని ఆ దూడ మేనిపై గులాబివన్నె వెండ్రుక ఒక్కటియును ఉండదు. ఎఱ్ఱ వెండ్రుకలు ఎఱ్ఱగానే, తెల్ల వెండ్రుకలు తెల్లగానే ఉండి, మేనెల్ల ఒకదానిలో ఒకటి చొరబడియుండును. మచ్చలుగా ఏర్పడవు గనుక అది బొల్లియును కాదు. తల్లిగుణము, తండ్రిగుణము దేనికది నిలిచియున్నవి. అట్టి రోన్ పశువులు రెండింటికి పుట్టు దూడలలో సగటున నాలుగింట ఒకవంతు ఎఱ్ఱనివి, ఒకవంతు తెల్లనివి, సగము రోన్. రంగులు కలిసిపోయినవనుకొన్న బాలునకు ఈ తెల్లదూడ మరల ఎక్కడినుండి వచ్చినదో ఎట్లు బోధపడును? మెండెల్ చెప్పినదంతయు ఆ విడిపోవుటయందే యున్నది.

తెలుగులో దీనికి మార్గము లేకపోలేదు. నెరసిన తలను చూడుడు. దూరమునుండి బూడిదవన్నె, దగ్గరకు పోయినచో ఏ వెండ్రుకకు ఆ వెండ్రుక నల్లనిదో తెల్లనిదో. రోన్ అనగా ‘నెరసిన ఎఱుపు’ అనినచో ఏ పల్లెటూరి బాలుడైనను గ్రహించును. అయితే తల వయసుతో నెరయును, రోన్‌కు వయసుతో పనిలేదు. ఆ ఒక్క ముక్క చేర్చి చెప్పవలెను. నల్ల వెండ్రుకలలో తెల్లవి కలిసినదానిని ఆంగ్లేయులు ‘బ్లూ రోన్’ అందురు. అందు నీలము ఎక్కడను లేదు! కోస్తాజిల్లాలలో పందెపుకోళ్ళవారు ఎఱ్ఱపుంజును డేగ యనుట లేదా? మెడపై నల్లని తెల్లని ఈకలు సమముగా కలిసినదానికి పర్ల యని వేఱే పేరు పెట్టుకొన్నది కూడ వారే. ఏ వృత్తివారి కన్ను వారిది.

మదనపల్లె 1911 వరకు కడపజిల్లాలోనిదే. ఆ కడపలో ఉద్యోగము చేసిన బ్రౌను పల్లెమాటలను నీచమని త్రోసివేయక తన నిఘంటువునకు ఎక్కించినాడు. శాస్త్రపరిభాష కూర్చువారు సంస్కృతకోశము చాలుననుకొనుట విడ్డూరము. మూడడుగుల ఎత్తైనను మించని పుంగనూరు ఆవు తెలుపు, బూడిద, గోధుమ, ఎఱుపు, నలుపు చాయలలో కనబడును. ఆ జాతిని కాపాడుటకు పలమనేరులో పశుపరిశోధనస్థానము కలదు. దాని రంగులకు కాపరులు పెట్టిన పేర్లను కూర్చు పని బడి చేయవచ్చును. షార్ట్‌హార్న్ పాఠమునకు ముందురోజున, ఇంటి ఆవు రంగును ఇంట పెద్దలు ఏమని పిలుతురో అడిగి వ్రాసికొని రమ్మని పిల్లలకు చెప్పినచో, మరునాటి నల్లబల్లపై పదిమాటలైనను చేరును.