ఆకాశమునకు ఒగ్గిన చెవి

రాత్రివేళ నక్షత్రములను చూచి, "అచ్చట కూడ మనవంటివారు ఉన్నారా?" అని అడుగని బాలుడుండడు. తెలియదు అనుటయే నేటికిని ఆ ప్రశ్నకు నిజమైన సమాధానము. కాని తెలియదని ఊరకుండుట వేరు. తెలియదు గనుక వెదకుట వేరు. ఈ రెండవ త్రోవ త్రొక్కిన లక్షలాది సామాన్యుల కథ మన ఉపాధ్యాయులును విద్యార్థులును ఎరుగదగినది.

1960లో ఫ్రాంక్ డ్రేక్ అను శాస్త్రజ్ఞుడు అమెరికాలోని గ్రీన్ బ్యాంక్ రేడియో దూరదర్శినిని రెండు నక్షత్రముల వైపు త్రిప్పి ఆలకించెను. ఆధునిక యుగమున ఈ అన్వేషణకు అది నాంది. విశ్వమంతట వ్యాపించిన హైడ్రోజన్ వాయువు 1420 మెగాహెర్ట్జ్‌ల చెంత సహజముగనే రేడియో తరంగములను వెలువరించును. విజ్ఞానము నెరిగిన ఏ జాతికైనను ఈ సంఖ్య తెలిసియుండును గనుక, పలుకరింపదలచినవారు దాని చేరువనే పలుకరింతురని శాస్త్రజ్ఞుల ఊహ. ఊహ చక్కనిదే, ధనమేది? 1993లో అమెరికా కాంగ్రెసు ఈ పనికి ప్రభుత్వ ద్రవ్యమును నిలిపివేసెను.

అటుపిమ్మట ప్రజలు చేయందించిరి. 1999 మే 17న బర్క్లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు 'సెటి ఎట్ హోమ్' అను పథకమును ప్రారంభించిరి. పోర్టోరికోలోని అరెసిబో యందు 305 మీటర్ల వెడల్పు గల దూరదర్శిని గ్రహించిన తరంగములు టేపులపై బర్క్లీ చేరును. వానిని చిన్న చిన్న తునకలుగా ఖండించి, ఇండ్లలోను బడులలోను ఉన్న కంప్యూటర్లకు పంపుదురు. యజమాని పని ముగించి లేచిన వేళ ఆ యంత్రము తన వంతు తునకను జల్లెడపట్టి ఫలితమును తిరిగి పంపును. ఒక్కొక్క తునక సుమారు 107 సెకన్ల ఆకాశము మాత్రమే! ఏబది లక్షలకు పైగా జనులు ఈ పనిలో చేరిరి. సేతువు కట్టునాడు ఉడుత చేసిన సాయము వంటిదే ఒక్కొక్కరిది. కాని ఉడుతలే లక్షలు చేరినచో?

ఈ స్వచ్ఛంద సేవకుని ఆశ ఎట్టిది? వేతనము లేదు. తన యంత్రము పరిశీలించు తునకయందే అన్యలోకపు పలుకు దాగియుండవచ్చునను తలపొక్కటే అతనికి ప్రతిఫలము. ఇది మూఢవిశ్వాసము కాదా యని కొందరడుగవచ్చును. పని జరిగిన తీరే అందులకు సమాధానము. ఒకే తునకను ఒకరికి మించి పంపి ఫలితములను సరిపోల్చిరి. భూమిమీది రాడార్లు, ప్రసారములు కలిగించు భ్రమలను ఏరివేసిరి. తమ పద్ధతిని పరీక్షించుకొనుటకు కల్పిత సంకేతములను తామే నడుమ చేర్చి, అవి పట్టుబడునా యని చూచిరి. 1977 ఆగస్టు 15న ఒహాయోలోని దూరదర్శిని 72 సెకన్లపాటు ఒక బలమైన సంకేతమును నమోదు చేసెను. ఆ కాగితపు అంచున 'ఔరా!' అను అర్థము గల మాటను వ్రాసిన జెర్రీ ఎమాన్ కూడ స్వచ్ఛందముగ పనిచేయుచుండినవాడే. ఎన్నిమార్లు వెదకినను ఆ సంకేతము మరల వినబడలేదు. కనుకనే శాస్త్రము దానిని అన్యలోకపు వార్తగా అంగీకరింపలేదు. ఆశ గుఱ్ఱమైనచో సత్యము దాని కళ్ళెము.

2020 మార్చి 31న తునకల పంపకము నిలిచెను. అదే ఏడాది డిసెంబరు 1న అరెసిబో దూరదర్శిని కూలిపోయెను. అయినను చేసిన పని వ్యర్థము కాలేదు. సుమారు 1,200 కోట్ల గుర్తులను వడబోసి, మరల చూడదగినవి నూరింటిని మాత్రము శాస్త్రజ్ఞులు ఎన్నుకొని, చైనాలోని ఫాస్ట్ దూరదర్శినితో పరిశీలింప బూనిరి. అన్యలోకవాణి యని చెప్పదగినది ఇంతవరకు దొరకలేదు.

'దొరకలేదు' అను ఈ మాటను నిస్సంకోచముగ చెప్పగలుగుటయే ఈ కథలోని గొప్పతనము. మన ప్రయోగశాలల సంగతి యేమి? అనుకొన్న ఫలితము రానిచో పుస్తకములోని అంకెను దించుకొను అలవాటు విద్యార్థులకు కలదు; చూచియు చూడనట్లుండు అలవాటు ఉపాధ్యాయులకు కలదు. మార్కులు దక్కును, శాస్త్రము దక్కదు. వచ్చినదే వ్రాసి, ఏల వచ్చెనని అడుగు బాలుని ఉపాధ్యాయుడు మెచ్చుకొనవలెను. ఏనాడైనను ఆకాశమునుండి ఒక పలుకు వచ్చునేని, దానిని నమ్మకముగ లోకమునకు తెలుపగలవాడు అట్టి బాలుడే.