మందులు తెచ్చే పిల్లలకు వాటి సంగతి చెప్పరా?

(గ్రామీణ విలేఖరి)

పల్లెటూళ్ళో ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా మందుల షాపుకు పరుగెత్తేది ఏడో తరగతి, ఎనిమిదో తరగతి పిల్లలే. తాతకు బి.పి. మాత్ర ఏదో, నాయనమ్మకు షుగరు మాత్ర ఏదో చదివి చేతికిచ్చేదీ వాళ్ళే. పెద్దలు పొలం పనుల్లో ఉంటారు. ముసలివాళ్ళకు చిన్న అక్షరాలు కనపడవు. ఇంత బాధ్యత మోసే పిల్లలకు మందుల గురించి నాలుగు ముక్కలు చెప్పే నాథుడు లేడు.

ఇది మా ఇంట్లోనే అనుభవమైంది. మా అమ్మకు జ్వరం వస్తే మా అన్నయ్య కొడుకు షాపు నుంచి డోలో తెచ్చి వేశాడు. తగ్గలేదని గంట తిరక్కముందే ఇంట్లో ఉన్న క్రోసిన్ కూడా ఇచ్చాడు. పేర్లు వేరు గనుక మందులూ వేరనుకున్నాడు. రెండింటిలోనూ ఉన్నది పారాసెటమాలే. అదృష్టవశాత్తు అమ్మకేమీ కాలేదు. రోజంతా అలాగే వేస్తూ పోతే మోతాదు మించి కాలేయం దెబ్బతినేది. తప్పు పిల్లవాడిది కాదు, చెప్పని మాది.

పెద్ద చదువులేమీ అక్కరలేదు. అట్ట మీద కంపెనీ పెట్టిన పేరు వేరు, అసలు మందు పేరు వేరు అని చెప్పాలి. గడువు తేదీ చూడటం నేర్పాలి. నాలుగు మాత్రలు అడిగితే అట్ట కత్తిరించి ఇస్తారు. ఆ ముక్క మీద పేరూ ఉండదు, తేదీ ఉండదు. అలాంటప్పుడు రెండూ కాగితం మీద రాసిమ్మని అడగాలి. పురుగుమందు డబ్బా మీద ఎర్ర త్రికోణం చూసి జాగ్రత్తపడే రైతు బిడ్డకు, మాత్రల అట్ట మీది ఎర్ర గీత సంగతి తెలియదు. అది డాక్టరు చీటీ లేనిదే వాడరాదని చెప్పే గుర్తు. అన్నకు రాసిన మందులో మిగిలినది తమ్ముడికి వేయరాదు. మోతాదు వయసును, బరువును బట్టి ఉంటుంది.

ఇవన్నీ నేర్పితే పిల్లలు సొంత వైద్యానికి దిగుతారని కొందరు పెద్దల భయం. ఆ వైద్యం ఇప్పటికే జరుగుతున్నది. తెలియక చేసేదానికన్నా తెలిసి ఆగడం మేలు కాదా?

దీనికి కొత్త పథకం అవసరం లేదు. ప్రభుత్వ బడుల్లో నులిపురుగుల నివారణకు ఆల్బెండజోల్ మాత్రలు పంచుతారు. ఎదిగే పిల్లలకు వారానికొకటి చొప్పున ఇనుము మాత్రలిచ్చే పథకమూ ఉంది. ఇనుము మాత్ర వేసుకుంటే మలం నల్లగా వస్తుందని, అది ప్రమాదం కాదని ముందుగా చెప్పకపోతే పిల్లలు భయపడి గోడవతల పారేస్తారు. మాత్ర పంచే రోజునే ఉపాధ్యాయుడో, ఏ.ఎన్.ఎం.మో ఒక ఖాళీ అట్ట చేతబట్టుకుని పది నిమిషాలు ఈ విషయాలు చెబితే చాలు. ప్రధానోపాధ్యాయులు, ఆరోగ్య సిబ్బంది ఈ విషయమై శ్రద్ధ వహించాలి.

తల్లిదండ్రులూ ఊరకుండరాదు. ఇంట్లో మందులన్నీ ఒక డబ్బాలో, పురుగుమందులకు దూరంగా, పసిపిల్లలకు అందనంత ఎత్తున పెట్టాలి. సంతకు పంపేటప్పుడు చిల్లర లెక్క నేర్పి పంపుతాం. మందుల షాపుకు మాత్రం ఏమీ చెప్పకుండా పంపుతున్నాం. చిల్లర తప్పితే పోయేది రూపాయి. ఇక్కడ తప్పితే పోయేది ప్రాణం.