తాళం తీసే చేతికీ చదువు చెప్పాలి

జైల్లో తరగతి నడవాలంటే ముందు బ్యారక్ తాళం తీయాలి. తీసేది వార్డర్. ఖైదీలను లెక్కపెట్టి తరగతి గదికి తీసుకెళ్లడం, పాఠం అయ్యేదాకా కాపలా ఉండటం, మళ్లీ లెక్కపెట్టి లోపలికి పంపడం ఆయన పనే. ఆ పూట ఆయన్ను ములాఖత్ దగ్గరికో, ఆస్పత్రికి వెళ్లే ఖైదీ వెంటో పంపితే చదువు అక్కడితో ఆగినట్టే. పుస్తకాలుంటాయి, పంతులుంటారు, తాళం తీసే మనిషే ఉండరు. ఖైదీల చదువు గురించి ఎన్ని సభల్లో మాట్లాడుకున్నా ఈ మనిషి ప్రస్తావన రావడం అరుదు.

2022 జాతీయ జైలు గణాంకాల ప్రకారం 4,36,266 మంది పట్టే జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. వారిలో దాదాపు మూడింట రెండొంతుల మంది పదో తరగతి గడప దాటనివారే. మరోపక్క మంజూరైన సిబ్బంది పోస్టుల్లో సుమారు 30 శాతం ఖాళీ. ఆరుగురు ఖైదీలకు ఒక కాపలాదారు ఉండాలని నమూనా జైలు మాన్యువల్ చెబుతున్నా, ఇంతమందిని ఇంత కొద్దిమంది చూసుకునే చోట ఆ లెక్క కుదిరేదెలా?

అలాగని ప్రయత్నాలు జరగలేదని కాదు. తెలంగాణ జైళ్ల శాఖ ‘విద్యాదానం’ పేరుతో అక్షరం రాని ఖైదీలకు చదువు చెప్పించింది. చదువుకున్న ఖైదీలే చాలాచోట్ల పంతుళ్లయ్యారు. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అధ్యయన కేంద్రాలు జైలు గోడల లోపలికీ వెళ్లాయి. తిహార్‌లో ఇగ్నో కేంద్రం 1994లోనే మొదలైంది. వకాలత్‌నామా మీద వేలిముద్ర వేసే మనిషి అందులో ఏముందో కూడబలుక్కుని చదువుకోగలిగితే అది చిన్న సంగతి కాదు. తన కేసు ఎక్కడుందో, తన మీద మోపిన సెక్షన్ ఏమిటో అప్పుడే అతనికి తొలిసారి తెలుస్తుంది.

ఈ పథకాలన్నీ ఎక్కువగా శిక్ష పడినవారిని దృష్టిలో పెట్టుకుని నడుస్తాయి. కానీ 2022 లెక్కల ప్రకారం జైళ్లలో నూటికి 76 మంది విచారణ ఖైదీలే. రేపు బెయిలొస్తుందేమో, ఇంకో జైలుకు మారుస్తారేమో అన్న సాకుతో వారిని వదిలేస్తున్నారు. నెలలు, ఏళ్లు అలా గడిచిపోతాయి. వీరికి కావాల్సింది మూడేళ్ల డిగ్రీ కాదు; ఎక్కడ ఆపినా, ఏ జైలుకెళ్లినా తిరిగి అందుకోగల చిన్న చిన్న పాఠాలు. ఓపెన్ స్కూల్ సొసైటీలు తలచుకుంటే ఇది చేయగలవు.

ఇక వార్డర్ సంగతి. దక్షిణాది రాష్ట్రాలు కలిసి నడిపే వేలూరు జైలు అకాడమీ 1979 నుంచి ఉంది, అధికారులు అక్కడ నేర్చుకుంటారు. చంచల్‌గూడలో రాష్ట్ర శిక్షణ సంస్థ ఉంది. అయితే రోజంతా ఖైదీలతో గడిపే కిందిస్థాయి ఉద్యోగికి మొదట్లో అందే శిక్షణలో పరేడ్, ఆయుధాలు, భద్రతలదే పెద్దపీట. ఆత్మహత్య ఆలోచనలో ఉన్నవాణ్ని గుర్తుపట్టడం, గొడవను చేయి చేసుకోకుండా సర్దిచెప్పడం డ్యూటీలో పడ్డాక ఎవరికి వారు నేర్చుకోవాల్సిందే. దేశంలోని అయిదు లక్షల పైచిలుకు ఖైదీలకు మానసిక నిపుణులు పాతిక మందే ఉన్నప్పుడు ఆ భారం కూడా వార్డర్ మీదే పడుతోంది. జైళ్లలో కులాన్ని బట్టి పనులు అప్పగించే నిబంధనలను సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 3న కొట్టేసింది. ఎంత గొప్ప తీర్పయినా, చీపురు ఎవరి చేతికివ్వాలో పొద్దున్నే నిర్ణయించేవారికి అర్థమయ్యేలా చెప్పకపోతే కాగితం మీదే ఉండిపోతుంది.

నార్వేలో జైలు ఉద్యోగికి జీతమిస్తూ రెండేళ్లు చదువు చెబుతారు. చట్టంతోపాటు నీతి, సామాజిక సేవ కూడా అందులో పాఠాలే. అక్కడి ఖైదీలకు పాఠాలు చెప్పేది ఊళ్లోని మామూలు బడి పంతుళ్లు. అది డబ్బున్న దేశం, నిజమే. కానీ పక్కనున్న ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుణ్ని డిప్యుటేషన్ మీద జైలుకు పంపడానికి నార్వే ఖజానా అక్కర్లేదు. చదువుకున్న ఖైదీలు మళ్లీ నేరం చేసే అవకాశాలు 43 శాతం తక్కువని అమెరికాలో ర్యాండ్ సంస్థ 2013లో తేల్చింది. అక్కడి అంకెను ఇక్కడ యథాతథంగా వాడలేం గానీ, అది చూపే దారిని కాదనలేం.

జైలు సిబ్బందికి పటిష్ఠమైన శిక్షణ, ప్రత్యేక సర్వీసు కావాలని జస్టిస్ ముల్లా కమిటీ 1983లోనే చెప్పింది. 1894 నాటి జైళ్ల చట్టం స్థానంలో కేంద్రం 2023లో నమూనా చట్టం తెచ్చింది. దాన్ని తమకు అనువుగా మలచుకునేటప్పుడు రెండు తెలుగు రాష్ట్రాలూ కొన్ని పనులు చేయాలి. తరగతి గంటను వార్డర్ డ్యూటీ చార్టులోనే రాయాలి, ఆ గంటకు కేటాయించిన మనిషిని వేరే పనికి లాగకూడదు. ఖాళీల భర్తీలో వచ్చే తొలి బ్యాచ్‌ నుంచే ఖైదీలతో మాట్లాడే తీరు, మానసిక ఆరోగ్యం శిక్షణలో పరీక్ష పెట్టే సబ్జెక్టులు కావాలి. పదోన్నతికి ఆ మార్కులూ లెక్కలోకి రావాలి.