సాక్ష్యంలో చెప్పని అప్పు

తీజ్ పండుగకు ఆడపిల్లలు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచితే పాపమని మన తండాల్లో పాస్టర్లు చెబుతారు. శీత్లా భవానికి మొక్కవద్దంటే సరే, ఆ రోజు తండా అంతా కలిసి వండుకున్నది ముట్టినా తప్పేనంటారు. అద్దాల పేటియా, కాంచళి కట్టుకొని మందిరానికొస్తే పాత జీవితం ఇంకా వదల్లేదని గుసగుసలు. లోకాన్ని ఇంత జాగ్రత్తగా గడప బయట నిలబెట్టే మందిరం, కంతుల మీద కొన్న బండిని మాత్రం పిలిచి లోపలికి రానిస్తుంది. తాళంచెవి మీద చెయ్యిపెట్టి ప్రార్థన కూడా చేస్తుంది.

నా తగువంతా దీని మీదే.

నల్లమాడ, కదిరి వైపు తండాల్లో ఆదివారం సాక్ష్యాలు వినండి. ప్రభువు బండి ఇచ్చాడు, ఫ్రిజ్ ఇచ్చాడు, పెద్ద టీవీ ఇచ్చాడు. ఇచ్చింది ఫైనాన్సు. నెలనెలా వసూలుకొచ్చే మనిషి సంగతి సాక్ష్యంలో రాదు. ఆ కంతు కట్టడానికి పిల్లల్ని ముసలివాళ్ల దగ్గర వదిలి బెంగళూరుకు కాంక్రీటు పనికి పోయిన మొగుడూ పెళ్లాల సంగతీ రాదు. సాక్ష్యం చెప్పే అక్క అబద్ధమాడిందని నేననను. ఆశీర్వాదమంటే సామానని ఆమెకు నేర్పింది మనమే.

మనది పలచని ఎర్రనేల. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ శెనక్కాయ ఊడలు దిగే వేళకు ముఖం చాటేస్తుంది. వాన నెలనెలా సమానంగా రాదు, కంతు మాత్రం వస్తుంది. సూక్ష్మరుణాల వసూళ్ల వేధింపులకు ఆడవాళ్లు ప్రాణాలు తీసుకుంటున్నారని 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వమే ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. ప్రభుత్వానికి కనబడిన ఆ పాపం మీద నేను ఒక్క ప్రసంగమూ వినలేదు.

పైగా టీవీ బోధకుల మాటొకటి: కానుక విత్తనం లాంటిది, వేస్తే నూరంతలు పండుతుందట. శెనక్కాయ వేసేవాళ్ల ముందు ఈ మాట అనడానికి చాలా ధైర్యం కావాలి. విత్తనం వేస్తే ఏమవుతుందో మనకన్నా ఎవరికి తెలుసు?

"ఊరివాళ్లకు బండి ఉండొచ్చు, మాకు ఉండకూడదా?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. సంచార జాతులను పుట్టుకతోనే నేరస్తుల జాబితాలో రాసుకున్న 1871 చట్టం కింద నలిగిన కులాల బిడ్డలకు ఒక కుర్చీ, ఒక ఫ్యాను, ఒక బండి గౌరవమే. పేదరికం పవిత్రమని చెప్పేవాళ్లు సాధారణంగా ఏసీ కారులో వస్తారు, నేను ఆ జట్టు కాదు. పాలు మోసే బండి వేరు, గర్భిణిని ఆస్పత్రికి చేర్చే బండి వేరు. పెళ్లికొడుకు పేరున కొత్తగా దిగే బండి వేరు.

ఆ బండి గురించే మాట్లాడాలి. ఒకప్పుడు లంబాడీల్లో మగపెళ్లివారే ఓలి ఇచ్చేవారు. పిల్లను కన్న ఇంటికి నష్టం జరుగుతోందని మన పెద్దలకు తెలుసు. ఇప్పుడు పిల్ల తండ్రే కట్నం ఇవ్వాలి, బంగారం పెట్టాలి, బండి కొనాలి. ఈ తిరకాసు బైబిల్ తెచ్చింది కాదు, తీజ్ తెచ్చింది అంతకన్నా కాదు. బజారు తెచ్చింది. కట్నం 1961 నుంచీ చట్టరీత్యా నేరం. అయినా ఆ బండికి పూలదండ వేసి మందిరం ముందు నిలబెడితే, లోపల పెళ్లి నిశ్చింతగా జరుగుతుంది. పాత ఆచారాలన్నీ విడిపించారు గదా, ఈ కొత్త ఆచారం దగ్గర నోరెందుకు పెగలదు?

నిర్గమకాండం 16వ అధ్యాయం చదివితే కరువు సీమ వాళ్లకోసం రాసినట్టే ఉంటుంది. ఎడారిలో ఏ రోజు మన్నా ఆ రోజుకే. ఆశపడి మర్నాటికి దాచుకుంటే పురుగు పట్టింది. అలాగే జక్కయ్య. యేసు వచ్చిన రోజు ఆ ఇంట్లో సామాను పెరగలేదు, తగ్గింది. సగం ఆస్తి పేదలకు, మోసగించినవాళ్లకు నాలుగింతలు. ఇదీ మొదటి సాక్ష్యం. అపొస్తలుల కార్యాల్లో తొలి సంఘం ఉన్నదాన్ని అమ్మి, లేనివాళ్లకు పంచింది. మనవాళ్లు పండిన ఏడు కొర్రలు, రాగులు చేబదులు ఇచ్చిపుచ్చుకున్న రోజుల్లో ఆ అధ్యాయాలకు ఇంతకన్నా దగ్గరగా ఉన్నాం. అప్పటికింకా బాప్తిస్మం తీసుకోలేదు, అంతే తేడా.

కాబట్టి పాస్టర్లను అడుగుతున్నా. ఈ ఏడు మందిరానికి టైల్స్ ఆపండి. ఆ కానుక డబ్బుతో సంఘంలో అందరికన్నా లోతుగా మునిగిన ఒక్క కుటుంబం అప్పు తీర్చండి. సాక్ష్యాల వేళ ఎవరికెంత అప్పుందో చెప్పుకొనే చోటివ్వండి, సిగ్గుపడకుండా. పెళ్లి చీటీ రాసే ముందు కట్నమెంతో అడగండి. కట్నం బండి వాకిట్లో ఉంటే పెళ్లి జరిపించనని చెప్పే పాస్టరు నల్లమాడ నుంచి కదిరి దాకా ఒక్కడు లేచినా, ఆయన చేసే మొదటి పెళ్లికి నేను నడిచైనా వస్తాను.