పునాదిలో పైపుకి కాస్త జాగా వదలండి

ఇల్లు కట్టేటప్పుడు మన ఆడవాళ్లం ఏమేం అడుగుతాం? వంటింటి గట్టు ఎత్తెంత, దేవుడి గూడు ఏ మూల, సజ్జలు చాలతాయా అని. మరుగుదొడ్డి పైపు పునాది గోడలోంచి బయటికి ఎలా పోతుందని ఎప్పుడైనా అడిగారా? నేనూ అడగలేదు. అందుకే ఈ వారం పచ్చళ్ల సంగతి పక్కన పెట్టి ఈ ముచ్చట చెబుతున్నాను. ముక్కు మూసుకోకుండా చదవండి మరి!

మా ఇల్లు బోధన్‌లో. నల్లరేగడి నేల. చెరకుకి మంచిదే, గోడలకి మాత్రం కాదు. 1937 నాటి నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది గానీ ఈ నేల గుణం మారలేదు. వానాకాలం నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండాకాలం చెయ్యి పట్టేంత బీటలిచ్చి కుంగుతుంది. గోడ ఒక తీరుగా కదిలితే, బయట మట్టిలో ఉన్న పైపు ఇంకో తీరుగా కదులుతుంది. ఎర్ర చెల్కలో ఇల్లున్నవాళ్లకి ఈ బాధ తక్కువ.

మా మేస్త్రి సుత్తితో పునాదికి బొక్క కొట్టి, నాలుగంగుళాల పైపు దూర్చి, చుట్టూ సిమెంటు బిగించేశాడు. "ఏం గాదమ్మా, నూరేండ్లుంటది" అన్నాడు. మూడో ఏడు వానల్లో అత్తమ్మ గది గోడ అడుగున చెమ్మ కనిపించింది. వాన చెమ్మే అనుకొని రెండుసార్లు రంగులు వేయించాం. ఆ డబ్బులు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. తర్వాత వాసన మొదలైంది. ఆపైన మా చిన్నదానికి కామెర్లు, మా వైపు పసిరికలంటాం, వచ్చాయి. డాక్టరుగారు మొదట అడిగిన మాట, "ఏ నీళ్లు తాగుతున్నారు?" అని. మా బోరు ఆ గోడకి పది పదిహేను అడుగుల దూరంలోనే ఉంది.

తవ్విస్తే ఏముంది! గోడ బయటి అంచు దగ్గర పైపు కత్తిపీటతో కోసినట్టు విరిగి ఉంది. ఎన్ని నెలల మురికి పునాదిలోకి ఇంకిందో! జబ్బు దానివల్లేనని ఎవరూ తేల్చి చెప్పలేదు, కానీ నా మనసు ఒప్పుకోలేదు. బోరు నీళ్లు తాగడం ఆ రోజే మానేశాం.

నిజామాబాద్ నుంచి ఒక పెద్దాయన్ని పిలిపించాం. ఆయన మొదట చూసింది పునాది మీది బీమును. దాన్ని కొట్టొద్దు, ఇనుప కడ్డీ అసలే కొయ్యొద్దు, దాని కిందినుంచి పోదాం అన్నాడు. గోడలో ముందు ఆరంగుళాల పైపు ముక్క ఒకటి కూర్చి సిమెంటు పెట్టాడు. నాలుగంగుళాల పైపుని అందులోంచి వదులుగా తీశాడు. పిల్లల గౌను కుట్టేటప్పుడు లోపల గుడ్డ వదులుతామే, అలాగన్నమాట. చుట్టూ ఉన్న సందులో తారులో ముంచిన జనపనార కూరి, రెండు మూతులూ సాగే సీలెంటుతో మూశాడు. అక్కడ సిమెంటు పెడితే మళ్లీ మొదటికే వస్తుంది. అలాగని సందు వదిలేస్తే బొద్దింకలూ ఎలుకలూ రాజ్యం చేస్తాయి.

గోడ మందంలో పైపుకి అతుకు ఉండకూడదట. పది అడుగులకి మూడంగుళాల వాలు ఇచ్చాడు. బయట మూత తీసి చూసుకునే చాంబరు కట్టాడు. మట్టి కప్పేముందు పైపు చివర మూసి, నీళ్లు నింపి, పై మట్టం దగ్గర సుద్దతో గీత పెట్టమన్నాడు. నేనే పెట్టాను. గంట తర్వాత నీళ్లు గీత దిగలేదు.

కొత్తగా కట్టుకునేవాళ్లు కాంక్రీటు పోయకముందే ఆ పెద్ద పైపు ముక్కని పునాదిలో పెట్టించుకోండి, తర్వాత సుత్తి పనే ఉండదు. దాని ఖరీదు ఒక నేత చీరకన్నా తక్కువే. పాత ఇల్లయితే సుత్తితో కాకుండా గుండ్రంగా కోసే మిషను తెమ్మనండి, గోడ అదరదు.

మా గోడ ఆరడానికి ఇంకో ఎండాకాలం పట్టింది. అన్నాళ్లూ అత్తమ్మ హాల్లోనే పడుకుంది. రోజూ పొద్దున్నే ఆ గదిలోకి వెళ్లి గోడమీద చెయ్యి ఆనించి చూసి, "ఇంకా సల్లగనే ఉంది పిల్లా" అనేది.